అక్క వదిలిన చివరి ఇష్టం

మా అనసూయక్క నన్ను సరస్సుకి వదిలేస్తోంది. నీళ్ళు ఒక్క అడుగు వెనక్కి జరిగి, నాకు సరిపడా చోటిచ్చి, మళ్ళీ కలిసిపోతాయి. నేను మాత్రం ఒడ్డునే, ఆవిడ పక్కనే నిలబడి ఉన్నాను.

తప్పంతా అలవాటుది. ఏ తీర్థానికి వెళ్ళినా ఇష్టమైనదొకటి వదిలి రావాలంటుంది అక్క. కాశీలో వంకాయ వదిలింది, గయలో సీతాఫలం. ఈ లదాఖ్ కొండల మధ్య ఇంత నీలం నీళ్ళు కనిపించేసరికి ఆవిడ చేతులు వాటంతటవే దోసిలి పడతాయి.

"ఇంకేం మిగిలిందే నాకిష్టమైంది, నువ్వు తప్ప! పో, నిన్నే వదిలేస్తున్నా!" అని నవ్వుతూ దోసిట్లో నీళ్ళు వదులుతుంది.

జీపు డ్రైవర్ స్టాంజిన్ నవ్వడు. "మా సరస్సుకి వేళాకోళం తెలియదు ఆంటీ," అంటాడు.

జీపులో అక్క నా వైపు చూడదు. పెళ్ళిళ్ళలో గుత్తివంకాయ వడ్డనకి రాగానే విస్తరి మీద చెయ్యి అడ్డం పెడుతుంది చూశారూ, అలాగే మా ఇద్దరి మధ్యా చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంటుంది. బావగారు పోయినప్పటి నుంచి ఒకే కంచం, ఒకే మంచం అన్నట్టు బతికాం. నాకు ఆవిడ తప్ప ఇంకో ఇల్లు లేదు.

రాత్రికి మేం బస దిగిన చోట ఇంటావిడ రెండు ప్లేట్లు పెడుతుంది.

"ఒకటి తీసెయ్యమ్మా," అంటుంది అక్క.

నేను తాగిన టీ కడుపులోకి దిగదు, నేరుగా అరచేతిలోకి వస్తుంది. అరచెయ్యి తేటపడి అడుగున గులకరాళ్ళు కనిపిస్తున్నాయి. వాటి మధ్య ఓ చిన్న చేప తిరుగుతోంది. కాస్త చలిగా ఉంది, అంతే.

కొండ మీది బౌద్ధారామంలో పెద్ద లామా వెన్నదీపాల వత్తులు సరిచేస్తూ నా చెయ్యి చూస్తారు. "వదిలినవాళ్ళే వెనక్కి అడగాలి. ఎండ కొండ దిగేలోగా అడిగితే మంచిది. దిగాక నేతగత్తెలు వస్తారు."

"అక్కా, అడగవే. ఒక్క మాట," అంటాను.

అక్క ఏడుస్తోంది. నాతో కాదు, దీపంతో చెబుతుంది: "నోటితో అన్నాక మాట తప్పితే కళ్ళు పోతాయి. వంకాయ ముట్టి ఎన్నేళ్ళయిందో! దీన్ని మాత్రం ఎలా ముట్టుకోను?"

నాకు ఒళ్ళు మండిపోతుంది. వంకాయతో సమానం చేసినందుకు కాదు. ఇంత ఏడుపు ఏడుస్తూ కూడా నన్ను వదులుకోగలుగుతున్నందుకు.

మళ్ళీ సరస్సు దగ్గరికి వచ్చాక అక్క జీపులోనే ఉండిపోతుంది, నేను దిగి ఒడ్డున నిలబడతాను. ఎండ కొండ దిగుతుంది. తివాచీలు నేసే ఆడవాళ్ళు మగ్గాలు వీపున మోసుకుంటూ ఒడ్డుకి వస్తారు. ఒకామె నా భుజం మీద పోగు దొరకబుచ్చుకుని లాగుతుంది. నీలం ఉన్ని పోగు, తెగకుండా వస్తూనే ఉంది. దాన్ని నీళ్ళ అంచుకి ముడి వేసి నేస్తుంటే సరస్సు కొద్దికొద్దిగా పెద్దదవుతోంది.

"కదలకు తల్లీ, ముడి వదులైపోతుంది," అంటుందామె.

నడుము దాకా నేసేసరికి అక్క జీపులోంచి దూకి, చెప్పులైనా లేకుండా పరిగెత్తుకొస్తుంది.

"ఇచ్చెయ్యండి! నా కళ్ళు పోతే పోనీ, నా చెల్లెల్ని నాకిచ్చెయ్యండి!"

అడిగితే ఇస్తుంది సరస్సు. నీళ్ళ అంచు పైకి లేస్తుంది. దాని కిందనుంచి ఆడవాళ్ళు వరసగా నడిచి వస్తారు. ఎప్పుడెప్పుడో ఎవరెవరో వదిలేసిన చెల్లెళ్ళు. అందరిదీ ఒకటే ఎత్తు, అందరివీ నీలం ఉన్ని ముఖాలు. వాళ్ళలో నేనూ ఉన్నాను. అక్క "చెల్లాయ్!" అంటే అందరం "ఊఁ" అంటాం.

అక్క ఒక్కొక్కరి ముందూ ఆగి కొంగుతో ముఖం తుడుస్తోంది, ఉన్ని కింద నేనున్నానేమోనని. తుడిచిన ముఖం తుడిచినట్టే ఊడి కొంగుకి అంటుకుంటోంది. కింద ఏమీ ఉండదు. "తప్పయిపోయిందమ్మా," అని పక్కామె దగ్గరికి వెళుతుంది.

ఇప్పుడు నా ముందు ఆగింది. వద్దని చెప్పాలి. కానీ ఆవిడ చెయ్యి నా బుగ్గకి తగిలి చాలాసేపయింది. నేను ముఖం ముందుకు చాస్తాను.