వీపు ఆనని కుర్చీ

నేను ఒక తిరిగే కుర్చీని. తిరిగే అన్న మాట ముందే చెప్పుకోవడం నా బుద్ధిలోని లోపం. నా బతుకులో నేను తిరిగింది తక్కువ, తిప్పలు పెట్టింది ఎక్కువ.

విజయవాడలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నన్ను ఒక క్యాటలాగులోని బొమ్మను చూసి చేశారు. ఆ బొమ్మలో కుర్చీ ఉంది గానీ అందులో కూర్చున్న మనిషి లేడు. చేసేవాళ్ళకు ఆ లోటు కనిపించలేదు. ఎత్తయిన వీపు, లోతయిన సీటు, నల్లటి రెక్సిను, దాని మీద ఇత్తడి బొత్తాలు, రెండు వైపులా లావుపాటి చేతులు పెట్టి గోడవారగా నిలబెట్టారు. దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తుంటే నేను చాలా గొప్పదాన్ని అనుకున్నాను. చూడ్డానికి చేసిన వస్తువుకి అంతకన్నా ఏం తెలుస్తుంది?

మొదట నన్ను మచిలీపట్నంలో ఒక ప్రైవేటు కాలేజీ కరెస్పాండెంటు కొన్నాడు. ఆయన రోజుకి పది నిమిషాలు కూర్చునేవాడు. ఎవరైనా అర్జీ పట్టుకుని వస్తే కిటికీ వైపు పావు చుట్టు తిరిగేవాడు. ఆ పావు చుట్టే ఆయన పరిపాలన. నాలుగేళ్ళకు కాలేజీ మూతపడింది. సామాను అమ్మేస్తుంటే వైజయంతి ప్రెస్సు యజమాని బుల్లెయ్యగారు నన్ను రిక్షా ఎక్కించుకుని తీసుకుపోయారు.

బుల్లెయ్యగారు కూర్చునే మనిషి కాదు. మెషీను దగ్గర నుంచి కటింగు దగ్గరికి, అక్కడి నుంచి వీధి గుమ్మానికి తిరుగుతూనే ఉంటారు. అందుకని నన్ను కంప్యూటరు ముందు వేయించి, "మా సత్యవేణికి రాజుల కుర్చీ తెచ్చాను" అని వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకున్నారు. ఆ మాట నేనూ నమ్మాను.

సత్యవేణి ఆ ప్రెస్సులో డీటీపీ ఆపరేటరు. నలభై దాటిన మనిషి, పొట్టి. శుభలేఖలు, కరపత్రాలు, పంచాయతీ నోటీసులు, అన్నీ ఆవిడ చేతి మీదే అక్షరాలయ్యేవి. మొదటి రోజు ఆవిడ నా అంచు మీద, పడీపడనట్టు కూర్చుంది. రెండో రోజూ అంతే. నా వీపుకి ఆవిడ వీపు ఎప్పుడూ ఆనలేదు. నామీద గౌరవం కొద్దీ అలా కూర్చుంటోందని నేను పొంగిపోయాను. వెనక్కి జరిగితే ఆవిడ కాళ్ళు నేలకి అందవన్న సంగతి నాకు తట్టలేదు. నా లావుపాటి చేతులు బల్లకి అడ్డం తగిలి నేను దగ్గరికి జరగలేకపోతే, మౌసు కోసం ఆవిడే ముందుకి వంగి చెయ్యి బారజాపేది. దాన్ని వినయం అనుకున్నాను.

అలా రెండేళ్ళు గడిచాయి. మూడో ఏడు పురుషోత్తం మాస్టారు ఒక సంచీ నిండా నోటుపుస్తకాలతో వచ్చారు. ఆయనకు ఎనభై రెండేళ్ళు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ సెలవులు రాగానే సముద్రం ఒడ్డున ఊళ్ళు తిరిగి, వేటకి వెళ్ళేవాళ్ళ నోటి మాటలు రాసుకున్నారు. వలల్లో రకాలు, గాలుల పేర్లు, చేపపిల్లకి ఒక పేరూ అదే పెరిగాక ఇంకో పేరూ. మొత్తం ఏడు వందల పేజీల నిఘంటువు. ఆయన దస్తూరీ మరెవరికీ అర్థం కాదు, రకరకాల చేతిరాతలు చూసి అలవాటున్న సత్యవేణి ఒక్కతే చదవగలదు. పైగా ఆయనకు చూపు తగ్గిపోతోంది.

"నా కళ్ళు ఉండగా పుస్తకం చూసుకోవాలమ్మాయ్" అన్నారాయన.

"చూస్తారు మాస్టారూ. నేను చేసిపెడతాగా" అంది సత్యవేణి.

పొద్దున తొమ్మిదింటికి కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికే లేచేది. మళ్ళీ కూర్చుంటే సాయంత్రం దాకా అంతే. కొన్నాళ్ళకు మెడ పట్టేసింది. తైలం రాసుకుంది. తర్వాత కుడిచేతి బొటనవేలూ దాని పక్క రెండు వేళ్ళూ తిమ్మిరెక్కడం మొదలైంది. చెయ్యి విదిలించి మళ్ళీ కొట్టేది. విదిలించిన ప్రతిసారీ నా మీద హాయిగా కూర్చుని ఏదో పాటకి తాళం వేస్తోందని నేను అనుకునేదాన్ని. నా తెలివి అంతవరకే.

ఒకరోజు టీ గ్లాసు ఆవిడ వేళ్ళలోంచి జారి పగిలింది. ముక్కలు ఏరుతూ, "పొద్దున పిల్లకి జడ వెయ్యబోతే పాయలు పట్టు దొరకట్లేదండీ. తనే వేసుకుపోయింది" అని బుల్లెయ్యగారితో చెప్పింది.

"బరువులు మోసావా, బావి తవ్వావా? కూర్చుని చేసే పనికి నొప్పేంటమ్మా. రక్తం తక్కువై ఉంటది, బీటురూటు తిను" అన్నారాయన. చెడ్డ మనిషి కాదు. ఆయన లెక్కలో కష్టమంటే చెమట పట్టేది మాత్రమే. నా లెక్కలో అసలు కష్టమనే మాటే లేదు, మెత్తటి సీటు ఉండగా.

అప్పటికి నిఘంటువు నాలుగు వందల ఇరవై పేజీలయింది. సత్యవేణి ఎడమచేత్తో మౌసు పట్టడం మొదలుపెట్టింది. ఒక సాయంత్రం మాస్టారి నోటుపుస్తకాలు కట్టగట్టి ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది. ఇవి తిరిగి ఇచ్చెయ్యాలా, ఇస్తే ఎవరికిస్తారు అని ఆలోచిస్తోందని నాకు కూడా అర్థమైంది. ఆ వేళ మొదటిసారి నా మీద కూర్చున్న మనిషి బరువు నాకు తెలిసింది.

ఆ వారంలోనే నస్రీన్ అనే ఫిజియోథెరపీ డాక్టరు వచ్చింది. బస్టాండు దగ్గర కొత్తగా క్లినిక్కు పెట్టిందట. కరపత్రం వేయించాలని రాసుకొచ్చిన కాగితం ఇచ్చింది. పైన పెద్దక్షరాలతో 'కంప్యూటరు ముందు పనిచేసేవారికి' అని ఉంది.

సత్యవేణి టైపు చేస్తోంది. పాదాలు నేలకి పూర్తిగా ఆనాలి. ఆవిడ పాదాలు గాలిలో ఉన్నాయి. నడుముకి వెనక ఆసరా ఉండాలి. ఆవిడ నడుముకీ నాకూ మధ్య జానెడు ఖాళీ. మోచేతులు ఒంటి పక్కనే ఉండాలి, మణికట్టు పైకి వంగకూడదు, తెర పైఅంచు కంటి ఎత్తులో ఉండాలి. ఒక్కో వాక్యం కొడుతూ ఆవిడ వేగం తగ్గిపోయింది. 'వేళ్ళలో తిమ్మిరి వస్తే నిర్లక్ష్యం చేయవద్దు' అన్న చోట చేతులు ఆగిపోయాయి.

ప్రూఫు చూసుకోవడానికి వచ్చిన నస్రీన్ కాగితం వంక చూడలేదు. "సత్యవేణి గారూ, ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?" అని అడిగింది.

"ఏది మేడమ్?"

"ఆ చెయ్యి. ఇందాకట్నించి నాలుగుసార్లు విదిలించారు."

సత్యవేణి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆపరేషనంటారా?"

"ముందు పరీక్ష చేద్దాం. ముదిరితే అదీ అవసరం కావచ్చు. కానీ మీరు ఇలాగే కూర్చుంటే ఏం చేసినా మళ్ళీ వస్తుంది. అసలు ఈ కుర్చీ ఎవరు కొన్నారండీ?"

బుల్లెయ్యగారు గొంతు సవరించుకున్నారు. నేను బొత్తాలు మెరిపించాను. మెచ్చుకుంటుందనుకున్నా.

"దీనంత పనికిమాలిన కుర్చీ నేను చూళ్ళేదు" అంది డాక్టరమ్మ.

మర్నాడు స్పానరు తెచ్చి నా రెండు చేతులూ ఊడదీశారు. ఆవిడ చేతులు నిలబడాలంటే నా చేతులు పోవాలట. అవి పోయాకే బల్ల దాకా జరగగలిగాను. నా ఎత్తయిన వీపుకి బుల్లెయ్యగారింటి పాత దిండొకటి తాడుతో కట్టారు, సత్యవేణి నడుముకి ఆనేలా. కీబోర్డు కిందికి దించారు, తెరని పాత టెలిఫోను డైరెక్టరీల మీదికి ఎత్తారు. నా ఎత్తు దించే వీల్లేదు గనక కాళ్ళ కింద రెండు కాగితాల కట్టలు పెట్టబోతే సత్యవేణి చటుక్కున కాళ్ళు ముడుచుకుంది.

"కాగితం మీద కాలు పెట్టమంటారా మేడమ్? సరస్వతి కదా" అని కట్టని కళ్ళకద్దుకుంది. చివరికి ఇంటి నుంచి అన్నం తినే పీట తెచ్చి వేసుకుంది. పాదాలు పీట మీద, నడుము దిండుకి. రాజుల కుర్చీ మీద మూడేళ్ళకి ఆవిడ మొదటిసారి కూర్చుంది, అదీ నాకు సంబంధం లేని సామాను సాయంతో.

పదిహేను రోజులు పని మానమంది డాక్టరమ్మ. మణికట్టుకి పట్టీ వేసి, వ్యాయామాలు నేర్పింది. ఆ తర్వాత కూడా అరగంటకోసారి లేవాల్సిందేనంది. బుల్లెయ్యగారు ఒప్పుకోలేదు.

"అరగంటకోసారి లేస్తే పనెప్పుడవుద్దండీ?"

"ఆవిడ చెయ్యి పడిపోతే ఎప్పుడవుద్దండీ?"

ఆయన మెషీను దగ్గరికి వెళ్ళిపోయారు. సాయంత్రం చూస్తే గోడ గడియారం తీసుకొచ్చి కంప్యూటరు ఎదురుగా మేకు కొడుతున్నారు.

సంగతి తెలిసి పురుషోత్తం మాస్టారు కంగారుగా వచ్చారు. "నా పుస్తకం నీ చెయ్యి తినేస్తుంటే చెప్పవేమ్మాయ్" అన్నారు. పని మళ్ళీ మొదలయ్యాక ఆయన రోజూ వచ్చి పక్కన స్టూలు వేసుకునేవారు. అరగంట కాగానే, "లే" అనేవారు. ఇద్దరూ గుమ్మం దాకా నడిచి, ఎదురింటి డాబా మీద పావురాళ్ళని చూసి వచ్చేవారు. నడుస్తూ ఆయన తరవాతి పేజీలోని మాటలు చెప్పేవారు. వల లాగేవాళ్ళు మధ్యమధ్య చేతులు మార్చుకోవడానికి ఒక కేక ఉందట. ఆ కేక తన నోటుపుస్తకంలో రాసుకోవడం మర్చిపోయానని ఆయనకు అక్కడే గుర్తొచ్చింది. అది నిఘంటువులో చేరింది. కూర్చునే ఉంటే చేరేది కాదు.

పుస్తకం అనుకున్నదానికన్నా ఐదు నెలలు ఆలస్యమైంది. మాస్టారు భూతద్దం పెట్టుకుని మొదటి పేజీ ఒక్కటే చదివారు. మిగతాది సత్యవేణి చదివి వినిపిస్తుంటే కళ్ళు మూసుకుని విన్నారు. ఆవిడ చెయ్యి పూర్తిగా పూర్వంలా కాలేదు. చలిరోజుల్లో బొటనవేలు ఇంకా చురుక్కుమంటుంది. కానీ ఆపరేషను తప్పింది.

ఆ సంక్రాంతి వెళ్ళాక శుభలేఖల గిరాకీ బాగుండి, బుల్లెయ్యగారు ఆవిణ్ణి కొట్టుకి తీసుకెళ్ళి, ఒక్కోదాంట్లో కూర్చోబెట్టి చూసి, చిన్న కుర్చీ కొన్నారు. నన్ను నస్రీన్ అడిగి తీసుకుంది.

నా మీద మోజుతో కాదు. క్లినిక్కులో కిటికీ పక్కన వేసి, వచ్చిన ప్రతి మెడనొప్పినీ నడుమునొప్పినీ నాలో కూర్చోబెడుతుంది. "చూశారా, వీపు ఎక్కడా ఆనడం లేదు. కాళ్ళు అందడం లేదు. ఇలాంటివి కొనకండి" అని పాఠం చెబుతుంది. చేతుల్లేకుండా, బొత్తాలు ఊడిపోయి, ఊరందరికీ చెడ్డ ఉదాహరణగా ఉన్నాను. చూడ్డానికి చేసిన వస్తువుని మళ్ళీ చూడ్డానికే పెట్టారు.

మొన్న ఒక బస్సు డిపో గుమాస్తా వచ్చాడు. గుమ్మంలో తల వంచుకుని రావాల్సినంత పొడుగు. పగలంతా చిన్న కుర్చీలో కంప్యూటరు ముందు ముడుచుకుని మెడ పాడుచేసుకున్నాడు. నస్రీన్ అలవాటు ప్రకారం నాలో కూర్చోమంది. ఆయన కూర్చున్నాడు. పాదాలు నేలకి ఆనాయి. నడుము, వీపు, భుజాలు, అన్నీ నాకు ఆనాయి. ఆయన కళ్ళు మూసుకుని పెద్ద నిట్టూర్పు విడిచాడు. పాఠం మొదలుపెట్టబోయిన నస్రీన్ నోరు తెరిచి ఆగిపోయింది.

"మేడమ్, ఈ కుర్చీ నాకు ఇప్పిస్తారా?" అన్నాడాయన.

నస్రీన్‌కి నవ్వొచ్చింది. "మీకు సరిపోయింది, తీసుకెళ్ళండి. కానీ సుఖంగా ఉంది కదా అని పొద్దస్తమానం ఇందులోనే ఉండిపోకండి. ఏదీ, ఒకసారి లేవండి."

కూర్చోవడానికి నన్ను కావాలని అడిగిన ఒకే ఒక్క మనిషి, అడిగిన రెండో నిమిషంలోనే లేచి నిలబడ్డాడు. నాకేమీ బాధ అనిపించలేదు. చేతులు పైకెత్తి, ఒళ్ళు విరుచుకుని, ఆయన హాయిగా కిటికీ దాకా నడుస్తుంటే చూస్తూ ఉండిపోయాను.