కణత మీది వెంట్రుకలు

అచ్చుపలకలు చెక్కే ఇంటి కోడలు తోసె, అన్నం మెదిపి జిగురు చేస్తోంది. బొమ్మ గీసిన పల్చటి కాగితాన్ని చెర్రీ చెక్క పలక మీద బోర్లా అతికించి, వెనక పొరను వేలితో రుద్దితే గీతలు తేలతాయి. వాటి వెంటే చెక్కాలి.

జిగురు ఆడవాళ్ళ పని, చెక్కడం మగవాళ్ళ పని. కాపురానికి వచ్చిన రోజే అత్తగారు చెప్పింది: "కత్తుల వైపు పోకమ్మా. వీరుల ముఖాలు చెక్కే పలకలవి, ఆడగాలి తగలకూడదు." ఆరేళ్ళ కిందట తోసె భర్త జిన్సుకెకి చూపు మసకబారినప్పుడు, ఆ అత్తగారే తలుపు మూసి కత్తి తెచ్చి తోసె చేతిలో పెట్టింది. అప్పటినుంచీ ఎడో నగర వీధుల్లో అమ్ముడయ్యే కబుకి నాటకాల బొమ్మల్లో, వీరుల కణతల మీద ప్రతి వెంట్రుకా తోసె చెక్కిందే. బియ్యపుగింజ వెడల్పులో పది వెంట్రుకలు. అంచున చెక్కేది మాత్రం జిన్సుకె పేరు.

ఆ ఉదయం బొమ్మలు అచ్చువేయించి అమ్మే మొహెయి వచ్చాడు.

"మీ నాన్నగారి చేతికి కూడా ఇంత సన్నపు వెంట్రుక రాలేదండీ! నిజం చెప్పండి, లోపల ఎవర్నో దాచారు."

జిన్సుకె పగలబడి నవ్వాడు. "ఎవర్ని దాచను? ఉన్నది ఇదొక్కతే. చేప కొయ్యమంటేనే కళ్ళు తిరిగి పడుతుంది!"

తెర వెనక తోసె చేతులు జిగురులోనే ఆగిపోయాయి. అబద్ధమాడితే అతని చెవులు ఎర్రబడతాయి. పెళ్ళయిన కొత్తలోనే కనిపెట్టింది. తెర సందులోంచి చూసింది. చెవులు మామూలుగానే ఉన్నాయి. దాస్తున్నాడనుకుంది ఇన్నాళ్ళూ. దాచడం లేదు. నిజంగానే మర్చిపోయాడు. ఆరేళ్ళు పక్కన కూర్చుని నూనె దీపం ఎగదోసిన మనిషి, ఆ చెయ్యి తనదేనని నమ్మేశాడు.

"ఈ బొమ్మలోని నటుడు విగ్గు మార్చాడండీ," అంటున్నాడు మొహెయి. "ఈ కణత దగ్గర జుట్టు చెదరాలి. పాత పలకలో ఇంత మేర తవ్వి కొత్త చెక్కముక్క బిగించి తెచ్చాను. రేపే నాటకం. మీరు చెక్కుతుంటే టీ తాగుతూ చూస్తాను."

అప్పుడు ఎర్రబడ్డాయి జిన్సుకె చెవులు.

"ఏమే, పలక లోపలికి పట్టుకెళ్ళు," అన్నాడు, గొంతు తగ్గించి. "లోపలైతే నాకు కుదురుగా ఉంటుంది."

తోసె చేతులు కడుక్కుని వచ్చింది. మొహెయికి టీ పోసింది. పలకను తెరిచిన తలుపు దగ్గరికి జరిపి, అన్నిటికన్నా సన్నని కత్తిని భర్త ముందు పెట్టింది.

"లోపలెందుకండీ?" అంది. "ఇక్కడే వెలుతురు బాగుంది."