ఒకటో క్లెయిమ్

మా పేటెంట్ దరఖాస్తు చూస్తున్న ఎగ్జామినర్‌కి ఏజెంట్లంతా కలిసి పెట్టుకున్న పేరు కత్తెర. ఆయన చేతిలో పడిన దరఖాస్తు ఏదీ వెళ్ళినంత పొడవుతో తిరిగి రాదట. ఈ సంగతి మా ఏజెంటు గారే చెప్పారు, అదేదో గొప్ప కబురైనట్టు నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు. మా ఏజెంటు గారు అసలు ఎవరి వైపో కూడా నాకు ఆ రోజు సరిగ్గా అంతుపట్టలేదు.

మేం తయారుచేసేది వైఫై డబ్బా. మర్యాదగా చెప్పాలంటే యాక్సెస్ పాయింట్. మేం అంటే నేనూ, మా అన్నయ్యా. డబ్బా బయట ఉన్న ప్రపంచమంతా అన్నయ్యది: కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు, సంతకాలు. డబ్బా లోపల ఉన్నదంతా నాది. పాతకాలం డబ్బాకీ ఫోనుకీ మధ్య ఒకటే దారి ఉండేది. ఇప్పటివి నెమ్మదివీ వేగమైనవీ కలిపి రెండు మూడు దారుల్లో ఒకేసారి మాట్లాడుకుంటాయి. ఒక దారి రద్దీగా ఉంటే పక్క దారి. వినడానికి బాగానే ఉంటుంది. చిక్కంతా దారి మారేటప్పుడే. రద్దీలో ఇరుక్కున్న ఫోను ‘పక్క దారికి రానా’ అని అడగాలి, ఆ అడగడం కూడా ఇరుక్కున్న దారిలోంచే అడగాలి. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమంటే ఇదే.

నా డబ్బా అడిగేదాకా ఆగదు. ఒక దారి బిగుసుకుంటున్నట్టు కనబడగానే, బాగున్న దారి మీదుగా ఫోనుకి ముందే కబురు పెడుతుంది: అక్కడ తెగబోయే మాటని ఇక్కడ ఫలానా చోట అందుకుంటాను, ఇటు విను, అని. అంతే. ఈ ‘అంతే’ దగ్గరికి రావడానికే నా జుట్టు సగం నెరిసింది.

కత్తెర గారి అభ్యంతరం చదివాక ఆ మిగతా సగం కూడా నెరిసినంత పనైంది. ఫోను అడిగితే దారి మార్చే పద్ధతి ఒక పాత పేటెంటులో ఉందట. ఒక దారి సంగతులు ఇంకో దారిలో చెప్పే పద్ధతి మరో పాత పేటెంటులో ఉందట. ఆ రెండూ కలిపితే నా డబ్బా అట. ఈ విద్య తెలిసిన ఎవరికైనా తట్టే విషయమేనట. ఎవరికైనా తట్టేదే అయితే ఇన్నాళ్ళూ ఎవరికీ ఎందుకు తట్టలేదు? తెలిశాక అందరూ తెలివైనవాళ్ళే.

“ఇందులో అంత కోపం తెచ్చుకోవాల్సిందేం లేదమ్మా,” అన్నారు ఏజెంటు గారు. “ఒకటో క్లెయిమ్ కాస్త తగ్గించుకుందాం. రెండు దారులున్న డబ్బాలకే, అదీ కబురు నెమ్మది దారిలో వెళ్ళినప్పుడే, అని రాద్దాం. వెంటనే ఇచ్చేస్తారు.”

క్లెయిమ్ అంటే పొలం గట్టులాంటిది. గట్టుకి లోపలున్నది మాది, బయటున్నది లోకానిది. ఒకటో క్లెయిమ్ అన్నిటికన్నా వెడల్పైన గట్టు. ఏజెంటు గారు చెప్పినట్టు తగ్గిస్తే మాకు మిగిలేది గట్టే, పొలం ఉండదు. ఏ పెద్ద కంపెనీవాడైనా మూడు దారుల డబ్బా చేసి, కబురు వేగం దారిలో పంపి, మా కళ్ళెదుటే అమ్ముకుంటాడు. అడిగితే మా పేటెంటే మాకు చదివి వినిపిస్తాడు.

ఆ మాటే ఇంట్లో భోజనాల దగ్గర చెప్పాను.

“పేటెంటంటూ చేతికొస్తే చాలే,” అన్నాడు అన్నయ్య. “ఆఫీసు గోడకి తగిలిద్దాం. వచ్చినవాళ్ళు చూస్తారు.”

“గోడకి తగిలించుకోడానికైతే క్యాలెండరు చాలదా?”

“మొండికేశావంటే మొదటికే మోసం వస్తుంది. ఉన్నది కూడా పోతుంది.”

“నువ్వు తగ్గమంటున్నది నీది కాదుగా, నాది.”

మా వదిన లెక్కల టీచరు. ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో పాఠాలు చెబుతుంది. పాఠం మధ్యలో నెట్టు ఆగిందంటే మా ఇద్దరికీ ఆ పూట చీవాట్లే. “నా క్లాసు ఆగకుండా ఉంటే చాలు. ఆ తర్వాత మీ అన్నాచెల్లెళ్ళు కొట్టుకుంటారో తిట్టుకుంటారో మీ ఇష్టం,” అని చేయి కడుక్కోడానికి లేచింది. లేస్తూ, “అయినా ఆ పాతవి రెండూ కలిపితే నీదవుతుందన్నాడు కదమ్మాయ్, ఆ కత్తెరాయన కలిపి చూశాడా?” అంది.

చూడలేదు. ఎవరు చూస్తారు? కాగితం మీద రెండు కాగితాలు కలపడానికి జిగురు కూడా అక్కర్లేదు. సరే, ఆయన తరఫున నేనే కలుపుతానని అప్పటికప్పుడు నిర్ణయించుకున్నాను.

రెండు పాత పేటెంట్లలో ఉన్నది ఉన్నట్టు కలిపి ఒక డబ్బా తయారుచేశాను. ఎక్కడా మోసం చేయలేదు. శత్రువు సరుకైనా సరే, నా చేత్తో వంకర సోల్డరింగ్ చేయను. దానికి ‘అభ్యంతరం’ అని పేరు పెట్టి మూత మీద రాశాను. వర్క్‌షాపులో నా డబ్బా పక్కన పెట్టి, రెంటి మీదుగా చెరో ఫోనులో వీడియో నడిపించి, ఒక దారి యాంటెన్నా కాస్త వదులుచేసి చూశాను. అభ్యంతరం మీద బొమ్మ ఆగిపోయింది. ఫోను అడగడానికి ఎదురుచూస్తోంది, డబ్బా అడిగించుకోడానికి ఎదురుచూస్తోంది, మీరు ముందంటే మీరు ముందని. నా డబ్బా మీద బొమ్మ ఆడుతూనే ఉంది. ఎన్నిసార్లు చూసినా అంతే. ఆ సాయంత్రం అన్నయ్యకి నేనే టీ పెట్టి ఇచ్చాను, అంత సంతోషం.

పేటెంటాఫీసులో మా వాదన వినే రోజున అన్నయ్యవీ, ఏజెంటు గారివీ, నావీ ఫోన్లు హియరింగ్ గది గుమ్మం దగ్గర తీసుకుని ట్రేలో పెట్టి టోకెన్లు ఇచ్చారు. అక్కడ పద్ధతి అది, వాదన రహస్యంగా రికార్డు చేస్తారేమోనని. పూర్వం పాత ఫైళ్ళు దాచిన గది కాబోలు, గోడలు మూరెడు మందం. మందపాటి తలుపు మూసుకోగానే వెనకున్న హాలు హోరు టక్కున ఆగిపోయింది. కత్తెర గారు నేననుకున్నట్టు కోరమీసాల మనిషి కాదు. సన్నగా, శాంతంగా, మంచినీళ్ళ గ్లాసు మీద మూత పెట్టుకుని కూర్చున్నారు.

“సార్, మీ అభ్యంతరాన్ని తయారుచేసి తెచ్చాను,” అన్నాను.

ఏజెంటు గారు నుదురు పట్టుకున్నారు. కత్తెర గారు మాత్రం డబ్బా మూత మీద పేరు చదివి, కళ్ళజోడు సర్దుకుని, “కానివ్వండి,” అన్నారు.

ముందే అనుమతి తీసుకున్న రెండు ట్యాబులు పెట్టి, రెంటిలో వదిన రికార్డు చేసిన పాఠం ఒకటే చెరో డబ్బా మీదుగా నడిపించాను. రెండు డబ్బాలకీ యాంటెన్నా వదులుచేశాను.

రెంటి మీదా వదిన భిన్నాలు చెబుతూనే ఉంది.

యాంటెన్నా ఇంకాస్త వదులుచేశాను. చెబుతూనే ఉంది. తీగలు చూశాను, మళ్ళీ మొదలుపెట్టాను. అభ్యంతరం హాయిగా, నున్నగా, నా డబ్బాకి తీసిపోకుండా నడుస్తోంది.

“ఇది కూడా నడుస్తోందిగా అమ్మా,” అన్నారు కత్తెర గారు. వెటకారం లేదు. ఉంటే బాగుండేది, కోపమైనా వచ్చేది. నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అన్నయ్య నావైపు చూడకుండా బల్ల అంచు చూస్తున్నాడు. ఏజెంటు గారు అప్పటికే సంచిలోంచి సవరణ కాగితం తీస్తున్నారు, ముందే టైపు చేయించి తెచ్చుకున్నారన్నమాట.

“నే చెప్పానుగా,” అని గొణిగారు. “పరువుగా ఒప్పుకుని బయటపడదాం.”

ఆయన గొణుగుడు నాకు ప్రతి అక్షరం వినబడింది. అంత నిశ్శబ్దంగా ఉంది గది. అప్పుడు వెలిగింది నాకు. మా వర్క్‌షాపు కింద సెల్‌ఫోన్ల షాపు. పొద్దున్నుంచి అక్కడ గాలి నిండా ఫోన్లే, తిరునాళ్ళే. నేను పుట్టించిన డబ్బా ఏదీ ఇంతవరకూ ఖాళీ గాలి ఎరగదు. రద్దీ నా బల్ల మీద ఎప్పుడూ ఉండేదే కాబట్టి, దాన్ని పరీక్ష సామానులో లెక్కేసి తెచ్చుకోవాలని నాకు తోచలేదు. ఈ గదిలో ఫోన్లు లేవు, గోడలు దాటి వచ్చే సిగ్నలూ లేదు. ఎవరూ లేని రోడ్డు మీద అడిగిన ప్రశ్న క్షణంలో చేరుతుంది. ఇక ఇరుక్కోవడమెక్కడ?

“సార్, ఈ గదిలో చూస్తే కుదరదు. బయట హాల్లో చూడాలి.”

“హియరింగ్ ఈ గదిలోనే జరుగుతుందమ్మా.”

“స్మశానంలో నిలబెట్టి ట్రాఫిక్ పోలీసుకి పరీక్ష పెడతారా సార్? ఎవరు పాసయినట్టు, ఎవరు ఫెయిలైనట్టు?”

“అమ్మా!” అన్నారు ఏజెంటు గారు. అన్నయ్య బల్ల కింద నా కాలు తొక్కాడు.

“తొక్కకు అన్నయ్యా, నేను పూర్తి చేయాలి. సార్, పరీక్ష ఈ గదిలోనే చూడాలని మీ నియమాల్లో ఎక్కడైనా ఉందా? ఉంటే చూపించండి, నోరు మూసుకుని వెళ్ళిపోతా.”

ఆయన కాసేపు ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు, అది నేను ఒప్పుకోవాలి. “లేదు,” అన్నారు. లేచి, అభ్యంతరాన్ని స్వయంగా రెండు చేతులతో పట్టుకుని గుమ్మం దాటారు.

హాలు నిండా తమ వంతు కోసం కూర్చున్నవాళ్ళు. ఒకడు క్రికెట్, ఒకావిడ వంటల వీడియో, ఒకాయన ఎవరితోనో వీడియోలోనే పోట్లాట. నాకు ప్రాణం లేచొచ్చింది. మంచినీళ్ళ ఫిల్టరు పక్కన ప్లగ్గు దొరికింది. పాఠం మొదలుపెట్టి యాంటెన్నాలు వదులుచేశాను.

అభ్యంతరం మీద వదిన నోరు తెరిచి అలాగే ఆగిపోయింది. మా వదిన నోరు ఆగడం అన్నయ్య కూడా అదే మొదటిసారి చూడటం. పక్కన నా డబ్బా మీద ఆవిడే పిల్లల్ని కేకలేస్తూ భిన్నాలు కొట్టేస్తోంది.

కత్తెర గారు నమ్మలేదు. నమ్మకపోవడమే ఆయన ఉద్యోగం. డబ్బాల చోట్లు మార్చారు. ట్యాబులు మార్చారు. ప్లగ్గులు మార్చారు. చివరికి తానే యాంటెన్నా తిప్పారు. ఏం చేసినా ఆగేది అదే, ఆడేది నాదే. హాల్లో వాళ్ళు తమ వీడియోలు వదిలేసి మా వీడియో చూడటం మొదలుపెట్టేసరికి, “ఇక చాలు, లోపలికి వెళ్దాం,” అన్నారు.

గదిలో కూర్చుని మూత తీసి నీళ్ళు తాగారు. “మీరన్నది నిజమే. రద్దీలో తేడా ఉంది. ఖాళీలో మాత్రం తేడా లేదు. కాబట్టి ‘రద్దీగా ఉన్న చోట మాత్రమే’ అని ఒకటో క్లెయిమ్‌లో చేర్చండి. ఇప్పుడే ఒప్పుకుంటాను.”

ఏజెంటు గారి ముఖం పెళ్ళిపందిరిలా వెలిగింది. గబగబా కాగితం మీద ఆ ముక్క చేతిరాతతో చేర్చి, పెన్ను అన్నయ్య చేతికిచ్చారు. దరఖాస్తు కంపెనీ పేరు మీద ఉంది, సంతకం అన్నయ్యది. ఆ పెన్ను కదిలిందంటే నేను అరిచి గీపెట్టినా లాభం లేదు.

“చేర్చను,” అన్నాను.

“ఇంకేం కావాలమ్మా మీకు?” అన్నారు కత్తెర గారు, మొదటిసారి విసుగ్గా.

“గొడుగు వానలోనే పనికొస్తుంది సార్. అలాగని వాన పడుతున్నంతసేపే అది గొడుగు అంటామా? మడిచి మూల పెట్టినా గొడుగే. రేపొకడు నా డబ్బా అచ్చు దించేసి, మా కొట్టు దగ్గర రద్దీ లేదు కాబట్టి ఇది మీది కాదు అంటాడు. కోర్టులో రద్దీ అంటే ఎంతమంది అని అడుగుతాడు. నేను తలలు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలా?”

“ఒప్పుకోకపోతే తిరస్కరించాల్సి వస్తుంది.”

అన్నయ్య పెన్ను మూత తీశాడు. ఇంత చేసి చివరికి ఇంటివాడి చేతిలోనే పోతోందనుకున్నాను.

అన్నయ్య కాగితం మొత్తం చదివాడు. తర్వాత పెన్ను మూత పెట్టేసి, కాగితంతో సహా ఏజెంటు గారి ముందుకి తోశాడు.

“తిరస్కరించండి సార్,” అన్నాడు. “కానీ ఏమని రాస్తారో ఒక్కసారి చదివి వినిపించండి. ఆ రెండూ కలిపితే ఇది వస్తుందనా? కలిపినదాన్ని మీరే మోసుకెళ్ళారు, మీ ఎదురుగానే ఆగింది. అది రాసి, దాని కింద తిరస్కరించానని సంతకం పెట్టండి. మేం ఆ కాగితం పట్టుకుని పైకి అప్పీలుకి వెళ్తాం.”

పుట్టి బుద్ధెరిగాక అన్నయ్య ఎవరితోనూ అంత గట్టిగా మాట్లాడగా నేను వినలేదు. కొనేవాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ వాడి గొంతు వెన్నలా అయిపోయిందనుకున్నాను.

కత్తెర గారు కీబోర్డు దగ్గరికి లాక్కున్నారు. కొంత కొట్టారు, ఆగారు, కొట్టినదంతా చెరిపారు. మళ్ళీ మొదలుపెట్టారు. ముగించేముందు రాసింది చదివి వినిపించడం అక్కడ పద్ధతి కాబట్టి చదివారు. హాల్లో చూసింది చూసినట్టు చదివారు, డబ్బాల చోట్లు మార్చి చూసిన సంగతితో సహా. చివరి వాక్యం దగ్గర గొంతు సవరించుకున్నారు.

“ఒకటో క్లెయిమ్‌పై అభ్యంతరం ఉపసంహరించడమైనది. క్లెయిమ్ యథాతథం.”

నాకు ఏడుపొచ్చేసింది. ఆపుకోవాలని కూడా చూడలేదు, ఆయన బల్ల ముందే ఏడ్చాను.

“బయటికెళ్ళి ఏడవండమ్మా, తర్వాతివాళ్ళు కాచుకున్నారు,” అన్నారు ఏజెంటు గారు.

“ఇక్కడే ఏడుస్తుంది,” అన్నాడు అన్నయ్య. కుర్చీ నా పక్కకి జరుపుకుని, నా ఏడుపు అయ్యేదాకా కదలకుండా కూర్చున్నాడు.