కరగని మాత్ర

గంగాభవాని నాలిక ఎత్తించి మాత్ర దాచిందేమోనని వెతికారే, త్రినాథరావూ, నువ్వూ మీ అమ్మా. ఆ నోటి కిందున్న కడుపుని సగానికి పైగా కోసి తీసేశారన్న సంగతి ఒక్కనాడైనా గుర్తొచ్చిందా మీకు? మనిషి మొహం చూడకుండా, మొగుడు చెప్పిన మాట మీదే ఆర్నెల్లు మందు పొట్లాలు కట్టిచ్చిన డాక్టరు శ్రీరామ్మూర్తిగారూ, మీరూ వినండి.

గంగాభవానికి అల్సరు ఆపరేషనయింది ఎనభై రెండులో, పుట్టింట్లో ఉండగా. పద్మనాభం ఊరినించి అన్న బస్సెక్కించి తీసుకొచ్చి విశాఖపట్నంలో చేయించాడు. మొగుడు త్రినాథరావు హార్బరు దగ్గర గోదాముల కంపెనీలో గుమస్తా. ఆ కంపెనీ డిస్పెన్సరీలో కార్డు ఉద్యోగస్తుడిది. పెళ్ళాం జబ్బయినా అతనే వెళ్ళి చెప్పాలి, అతనే మందు తేవాలి. నీరసం అంటోందని చెప్పాడు. ఇనుము మాత్రలిచ్చారు, ఎర్రగా, పంచదార పూతతో.

మాత్రలు మింగుతూనే ఉంది, మనిషి మాత్రం పాలిపోతోంది. కుళాయి దగ్గర బిందె ఎత్తితే కళ్ళు చీకట్లు కమ్మేవి. అంట్లు సగం తోమి గోడకి చేరబడిపోయేది. అత్త పోతమ్మ కనిపెట్టేసింది, పని ఎగ్గొట్టడానికి కోడలు మందు ఉమ్మేస్తోందని. ఇక రోజూ పొద్దున్నే వరండాలో, వీధి వీధంతా చూస్తుండగా పరీక్ష.

"నోరు తియ్యి. నాలికెత్తు. ఆ పక్క దవడ సూపించు."

సంతలో ఎడ్లకి పళ్ళు చూసినట్టే. మొగుడు పేపరు చదువుకుంటూ, వచ్చే నెల్లోగా లేచి తిరగకపోతే పద్మనాభంలో దింపేస్తానన్నాడు. మందు తినని మనిషితో ఏటి సేసుకుంతానే, అన్నాడు.

అనుమానం అంటుజబ్బు. భవానికీ అంటుకుంది. తన చేతికొచ్చే మాత్ర అసలుదేనా? అత్త డబ్బాలో మార్చేసిందా? వంటింట్లో ఒకటి కొరికి చూసింది. తీపి పొర కింద తుప్పు రుచి, మందే. అయితే తప్పు ఎక్కడుంది? తనే మర్చిపోయి ఉమ్మేస్తోందా? మీ రోజువారీ నింద మనిషిని ఎక్కడిదాకా నెట్టుకొచ్చిందో చూశారా. తన నోటిని తనే నమ్మలేకపోయింది.

ఓ మంగళవారం పొద్దున్న దొడ్డికెళ్ళి, నీళ్ళు పొయ్యబోతూ ఆగిపోయింది. మలంలో మాత్ర. రంగు కాస్త వెలిసింది, అంతే. విరగలేదు, కరగలేదు.

చెయ్యి పెట్టి తీసింది. అవును, చేత్తోనే. ఆ ఇంట్లో ఆవిడ తరఫున సాక్ష్యం చెప్పేది అదొక్కటే. కడిగి, పౌడరు డబ్బా మూతలో పెట్టి, గుడ్డ కట్టి, డిస్పెన్సరీకి బయల్దేరిన మొగుడి వెనకే నడిచింది. కార్డు నాది కదా, నువ్వెందుకన్నాడు. భవాని ఆగలేదు.

డాక్టరు బల్ల మీద గుడ్డ విప్పి, ఇది ఎక్కణ్ణించి వచ్చిందో ఉన్నదున్నట్టు చెప్పింది. శ్రీరామ్మూర్తి ముక్కు దగ్గరికి రుమాలు తీసుకెళ్ళి, సగంలో ఆపేశాడు. "కడుపు ఆపరేషనేమైనా అయిందామ్మా?"

ఆర్నెల్లలో ఆ ప్రశ్న అదే మొదలు. భవాని చీర కాస్త పక్కకి లాగి, పొట్ట మీది నిలువు గీత చూపించింది. ఆయన కార్డు అటూ ఇటూ తిప్పాడు. ఎక్కడా రాసిలేదు. మొగుడి వైపు చూశాడు.

"లైన్లో నిలబడి అంత కత ఏటి సెప్తానండి," అన్నాడు త్రినాథరావు.

కోసిన కడుపులో తిన్నది అరిగించే పులుపు సరిగ్గా ఊరదు, మాత్ర నిలవకుండా పేగులోకి జారిపోతుంది, అని చెప్పాడాయన. "మింగినా ఒంటికి పట్టదమ్మా. ఇంజక్షన్లే ఇవ్వాలి."

"అయితే మింగిందన్నమాటే," అని నవ్వబోయాడు త్రినాథరావు.

భవాని కుర్చీ లాక్కుని కూచుని, కార్డు తీసి డాక్టరు ముందుకి తోసింది.

"రాయండి డాట్రుగారూ. గంగాభవానికి కడుపు కోసినారని ఇక్కడ రాయండి. ఇకమీదట నా జబ్బు ఎవులొచ్చి సెప్పినా మందివ్వకండి, నన్ను పిలిసి అడగండి. నన్నొక్కదాన్నే కాదు, మొగుళ్ళు వొచ్చి జబ్బు సెప్తన్న ఆడోళ్ళందర్నీ అడగండి. అది రాసీదాకా నాను ఈ కుర్సీలోంచి లెగను."