సీతాఫలం చెట్టుకు కందిరీగలు

బస్సుల సమ్మె మొదలయ్యాక కట్టయ్యకు ఇంట్లో కూచోవడానికి చోటు దొరకడం లేదు. అతను జనగామ డిపోలో కండక్టరు. కిక్కిరిసిన బస్సులో సీటు కోసం జుట్లు పట్టుకున్న వాళ్లను కూడా ఒక్క మాటతో సర్ది కూచోబెట్టగలడు. అలాంటి మనిషి తరిగొప్పులలో తన సొంతింట్లో మంచం మీద కూచుంటే, "జర లే కొడుకా, దుప్పటి దులపాలె" అంటుంది తల్లి పోశమ్మ. గడపలో కూచుంటే, "పక్కకు జరుగు" అంటుంది భార్య శోభారాణి. తెలంగాణ కోసం ఊరూరా బళ్లూ ఆఫీసులూ మూతబడిన రోజులవి. పగలు బస్టాండు దగ్గరి దీక్షా శిబిరంలో గడిపినా, మిగతా వేళల్లో ఎటు తోస్తే అటు తిరుగుతున్నాడు.

అలా పెరట్లోకి వెళ్లిననాడే సీతాఫలం చెట్టుకు కందిరీగల తుట్టె కనబడింది. బూడిదరంగు కాగితంతో చేసినట్టు, అరచేతికంటే పెద్దదిగా, తలకిందులుగా వేలాడుతోంది. దానిమీద ఎర్రటి ఈగలు కాళ్లు వేలాడేసుకుని తీరిగ్గా తిరుగుతున్నాయి. కట్టయ్య వచ్చిన దారినే వెనక్కి నడిచి, పెద్ద వార్త మోసుకొచ్చినట్టు ఇంట్లో చెప్పాడు.

"ఇప్పుడు చూసినవా?" అంది శోభారాణి తల ఎత్తకుండానే. "నెల సంది మొత్తుకుంటున్న. డ్యూటీ నుంచి వచ్చుడు, తినుడు, పండుడు. నా మాట నీకెప్పుడు ఇనబడ్డది?"

ఆమె కోపానికి కారణం ఉంది. ఆమె జాకెట్లు కుడుతుంది. బతుకమ్మ పండుగకు ఊళ్లో సగం జాకెట్లు ఆమె దగ్గరే ఉన్నాయి. బొగ్గు గనుల్లో కూడా సమ్మె కావడంతో కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు. ఇంట్లో వెలుతురుండేది వెనక పంచలోనే. ఆ పంచకు బారెడు దూరంలో సీతాఫలం చెట్టు. చెవి పక్కన ఝుమ్మంటుంటే జాకెట్టుకు ఎడమ చేతి స్థానంలో కుడి చెయ్యి కుట్టేస్తున్నానని ఆమె గోల.

"దాన్ని ముట్టకుండ్రి" అంది పోశమ్మ. "గవి వచ్చినంక మన పెరట్లకు ఒక్క కోతన్న దిగిందా? పోయినేడు ఒక్క సీతాఫలమన్న దక్కిందా మనకు?"

"ఈయేడు మాత్రం దక్కినయా అత్తా? కోతులకు లేకపాయె, మనకు లేకపాయె. కందిరీగలకే పెట్టుకున్నమా తోట?"

ఇద్దరూ కట్టయ్య వైపు చూశారు. ఎవరి పక్షమో తేల్చమన్నట్టు. కట్టయ్యకు కందిరీగలంటే గుండెదడ. ఆ ముక్క మాత్రం భార్య ముందు చెప్పుకోలేడు.

"నలుగురిని అడిగి చేద్దాం" అని చెప్పులేసుకున్నాడు.

శిబిరంలో నలుగురు కాదు, నలభై మంది ఉన్నారు. పత్తి మందు కొట్టమన్నాడు ఓదెలు. పచ్చి వేపాకు పొగ పెడితే వాటంతటవే పోతాయన్నాడు బాలనర్సయ్య తాత. వాటి జోలికి పోకపోతే అవీ మన జోలికి రావని ఇంకొకరు. గంటసేపు మైకులో నినాదాలు ఆగిపోయాయి. కందిరీగల మీద కూడా ఒక జేఏసీ వేయాలని ఎవరో అన్నారు. చివరికి పక్కింటి ధర్మేందర్ లేచాడు. మోటార్లు బాగుచేసే కుర్రాడు, దేనికీ ఆగేవాడు కాదు.

"గింతదానికి ఇంత ముచ్చట ఎందుకన్నా? పొద్దుగూకినంక నేనొస్త. పొగ పెడదాం."

అలా ఇరుక్కుపోయాడు కట్టయ్య.

సాయంత్రం ధర్మేందర్ తన హెల్మెట్ పెట్టుకుని వచ్చాడు. కట్టయ్య గొంగడి కప్పుకుని ముఖానికి తువ్వాల చుట్టుకున్నాడు. ఆడవాళ్లిద్దరూ కిటికీ రెక్క సందులోంచి చూస్తున్నారు. పొడుగాటి కట్టెకు కట్టిన వేపాకు చుట్టకు నిప్పంటించి ధర్మేందర్ తుట్టె కిందికి జరిపాడు. పొగ సరిగ్గానే లేచింది. అంతలో గాలి తిరిగింది. పొగంతా వీళ్ల మీదికి, కందిరీగలన్నీ పొగలోంచి బయటికి.

ధర్మేందర్ కట్టె వదిలేసి గంతులేశాడు. "అన్నా, ఒకటి హెల్మెట్‌ల దూరింది" అంటూ అక్కడికక్కడే గిరగిరా తిరిగాడు. కట్టయ్య అప్పటికే గుమ్మం దాకా వచ్చేశాడు. ఒక్క అడుగు వేస్తే లోపల పడతాడు. కానీ కుర్రాడికి హెల్మెట్ పట్టీ ఊడి రావడం లేదు. వెనక్కి ఉరికి, అడ్డమొస్తున్న తువ్వాలను లాగి పారేసి, పట్టీ విప్పి హెల్మెట్ ఊడబీకాడు. ధర్మేందర్‌కు చెవి మీద ఒక్కటే కుట్టింది. కట్టయ్యకు మాత్రం కంటి పక్కన, చెంప మీద, ముక్కు మీద కూడా కుట్టాయి.

తెల్లారేసరికి కుడి కన్ను పూర్తిగా మూసుకుపోయింది. ముఖం గుమ్మడికాయంత అయింది. ఆనాడు రిలే దీక్షలో కూచోవడం అతని వంతు. శోభారాణి వద్దంది గాని, తప్పితే భయపడి ఎగ్గొట్టాడంటారని వెళ్లి కూచున్నాడు.

మధ్యాహ్నం జనగామ నుంచి ఒక నాయకుడు సంఘీభావం చెప్పడానికి జీపులో వచ్చాడు. దీక్షలో ఉన్నవాళ్ల వరుసలో కట్టయ్య ముఖం చూసి నిలబడిపోయాడు.

"లాఠీ దెబ్బనా తమ్మీ?"

కట్టయ్య నోరు తెరిచేలోపే నాయకుడు మైకు అందుకున్నాడు. ఈ ముఖం చూడండన్నాడు, ఈ కన్ను చూడండన్నాడు. తన మెడలోని బంతిపూల దండ తీసి కట్టయ్య మెడలో వేశాడు. ఊరివాళ్లందరికీ అసలు సంగతి తెలుసు. ఒక్కరూ నవ్వలేదు. పైగా ఓదెలు గట్టిగా చప్పట్లు కొట్టాడు. కట్టయ్యకు దండ బరువు హాయిగానే అనిపించింది. ఇలాగే ఊరుకుందామా అనుకున్నాడు. ఎదురుగా ఆడవాళ్ల గుంపులో కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంటున్న శోభారాణి కనబడింది. ఇక లాభం లేదని మైకు తీసుకున్నాడు.

"అన్నా, నన్నెవ్వలు కొట్టలే. మా పెరట్ల కందిరీగలు కుట్టినయి."

శిబిరం మొత్తం ఒక్కసారిగా విరగబడి నవ్వింది. నాయకుడు కాసేపు బిత్తరపోయి, తరవాత అందరికంటే ఎక్కువ నవ్వాడు. "మరి తుట్టె ఉన్నదా పోయిందా?" అని అడిగాడు.

"ఉన్నదన్నా. ఉంచాల్నా తీయాల్నా ఇంకా తెగలే. ఇంట్ల ఒక్క మాట మీద లేం."

ఈ నవ్వుల్లో ఎవరూ జీపు వైపు చూడలేదు. సాయంత్రం దీక్ష విరమణకని అందులో తెచ్చిన అరటిపళ్ల గెలను కోతులు చక్కగా దించుకున్నాయి. జనం అరుపులకు గోడలెక్కి, ఒక్కో పెరడూ దాటుకుంటూ పరుగెత్తాయి. ధర్మేందర్ వాళ్ల జామచెట్టు మీద ఆగి పిందెలు కూడా రాల్చాయి. అక్కడి నుంచి కట్టయ్య పెరటి గోడ మీదికి దూకిన పెద్ద కోతి సీతాఫలం కొమ్మ మీద చెయ్యేసింది. వెంటనే ముఖం గీరుకుంటూ వెనక్కి దూకి, మందనంతా మళ్లించుకుని పోయింది. కోతుల వెనకే ఇంటికి ఉరికొచ్చిన శోభారాణి ఆ తతంగమంతా నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది.

కట్టయ్య ఇంటికి వచ్చేసరికి ఆమె పంచలో కుట్టు మిషన్ మీది జాకెట్లు తీసి మడత పెడుతోంది.

"మిషన్ ముందటి గడపల ఎయ్యి" అంది. "ఆడ గూడ వెలుతురుంటది."

"మరి నేనేడ కూసోవాలె?"

"నీకు శిబిరం ఉండె గద."

పోశమ్మ గెలిచినట్టు ఏమీ కనబడకుండా లోపలికి వెళ్లింది. కట్టయ్య మిషన్ మోసి గడపలో పెట్టాడు. రెండు రోజులకు కన్ను తెరుచుకుంది. గోడ అవతలి నుంచి దోటికర్రతో అందినన్ని సీతాఫలాలు దించారు. అందనివి కందిరీగలకు వదిలేశారు.

ఆ పళ్లు తింటుండగా ధర్మేందర్ చెవి తడుముకుంటూ వచ్చాడు. జామచెట్టు ఖాళీ అయిందని ఇంట్లో వాళ్లు తనను తిడుతున్నారట.

"వదినా, గా తుట్టె జర మా దిక్కు మళ్లేటట్టు ఏమన్న ఉపాయం ఉంటదా?"

శోభారాణి గింజలు దోసిట్లోకి ఊసి, "హెల్మెట్ పెట్టుకోని పోయి నువ్వే అడుగు" అంది.