ముఖం చూసి పెట్టే వేగం

పోయిన ఊళ్ళో జనం కక్కుకున్నది ఈ ఊరొచ్చాక కడుగుతాను. పండగ ముగిసిన రాత్రే యంత్రం విప్పి లారీ ఎక్కించాలి కాబట్టి అప్పుడు తీరిక ఉండదు. వేడినీళ్ళలో వెనిగర్ కలిపి, పాత బనీను ముక్క ముంచి, సీటు మడతల్లోకి వేళ్ళు పోనిచ్చి తుడుస్తుంటే ఎవరేం తిని ఎక్కారో తెలిసిపోతుంది. పుచ్చకాయ, చక్కెర చల్లిన వేపుడు రొట్టెలు, సాసేజి, వైన్. మధ్యలో జడపిన్నులు దొరుకుతాయి, ఒక్కోసారి చిన్నపిల్ల చెప్పు. "జనానికి బాగా నచ్చిందన్నమాట," అంటాడు మా ఆయన ఎల్వియో, నా బకెట్‌లోకి తొంగిచూసి. కడిగేది తనే అయితే ఆ మాట అనేవాడు కాదు.

మాది తిరిగే బతుకు. చలి తగ్గింది మొదలు మళ్ళీ పొగమంచు కమ్మేదాకా, ఇటలీలో పో నది మైదానంలో ఊరూరి పండగలకీ ఆటల యంత్రాలు తీసుకెళ్ళే కుటుంబాల్లో మాదొకటి. ఇల్లు కూడా చక్రాల మీదే. మామగారి రోజుల్లో మాకు గొలుసుల ఊయల ఉండేది. పిల్లలు కాళ్ళూపుకుంటూ తిరిగేవాళ్ళు, ముసలమ్మలు కూడా సరదాపడి ఎక్కేవాళ్ళు. ఆయన పోయాక ఎల్వియో దాన్ని అమ్మేసి 'గద్ద'ని కొన్నాడు. ఒక పొడవాటి ఇనుప చెయ్యి, దాని కొసన మనుషులు కూర్చునే వరస. చెయ్యి గిరగిరా తిరుగుతుంటే కొసనున్న వరస తనంతట తాను తలకిందులవుతుంది.

మా వాళ్ళలో ఒక ఆచారం ఉంది. కొత్త ఊళ్ళో యంత్రం బిగించాక చర్చి ఫాదర్ వచ్చి పవిత్ర జలం చల్లుతాడు. ఆ తడి ఆరకముందే మొదటి సవారీ జరగాలి. అది ఆ ఇంటి ఆడమనిషిది. యంత్రం నడిపే మనిషి మాత్రం ఎక్కకూడదు, ఎక్కితే యంత్రానికి లోకువైపోతాడట. అతను కింద మీటలున్న గాజు గదిలో నిలబడి, పైనున్న ఇల్లాలి ముఖం చూస్తూ వేగం పెంచుతాడు. ఆ ముఖం ఇక చాలన్నచోట ఆపుతాడు. పండగ నడిచినన్నాళ్ళూ జనానికి అదే వేగం. యంత్రం తయారుచేసినవాళ్ళు పెట్టిన హద్దు ఎల్వియో ఎన్నడూ దాటలేదు, ఆ విషయంలో నిజాయితీపరుడే. కానీ ఆ హద్దు ఇనుముది. మనిషి ఒంటికి ఎక్కడ హద్దో నా ముఖం చెప్పాలి.

నాకు భయం. ఇన్నేళ్ళయినా భయమే. భుజాల మీదుగా కడ్డీ దిగి రొమ్ముల్ని నొక్కుతూ బిగుసుకున్న క్షణం నుంచి, ఈసారి నేను నేనుగా దిగనేమో అనిపిస్తుంది. చెయ్యి పైకి లేచాక ఒంట్లో రక్తమంతా పాదాల్లోకి జారి, చూపు అంచుల దగ్గర బూడిదరంగుకి తిరుగుతుంది. తలకిందులు కాగానే అదే రక్తం కళ్ళ వెనక్కి తోసుకొస్తుంది. మెడ తలను మొయ్యలేక వదిలేస్తుంది. తల కడ్డీకి కొట్టుకుంటుంది, ఇటు ఒకసారి, అటు ఒకసారి. మా అమ్మాయి జాదా పుట్టినప్పటి నుంచీ నాకు ఆ కుదుపులకి ఉచ్చ ఆగదు. అందుకని ఫాదర్ ప్రార్థన చదువుతుండగానే బండిలోకి వెళ్ళి ప్యాడ్ పెట్టుకుని వస్తాను. దిగాక సాయంత్రం దాకా నేల ఊగుతూనే ఉంటుంది. ఆ ఊగే నేల మీదే నిలబడి టికెట్లిస్తాను, వంట చేస్తాను, అత్తగారి కాళ్ళకి మందు రాస్తాను. ఈ వేసవిలో ఎడమచేతి చిటికెన వేలు తిమ్మిరెక్కి మళ్ళీ మామూలు కాలేదు. చూపించుకుందామని వెళితే డాక్టరమ్మ నా మెడ అటూ ఇటూ తిప్పి, "కారు ప్రమాదమేమైనా జరిగిందా?" అంది. లేదన్నాను. "ఏం పని చేస్తుంటారు?" అంది. "ఇంట్లోనే ఉంటానండీ," అన్నాను. అబద్ధమేమీ కాదు, కాగితాల్లో నా గురించి అలాగే ఉంటుంది. పని ఎల్వియోది. నేను తోడు.

చెప్పలేదా అంటే, చెప్పాను. గద్ద వచ్చిన కొత్తలో, తల విపరీతంగా తిరుగుతోందని చెప్పాను. "తల తిరగడానికే కదే జనం వచ్చేది," అని నవ్వాడు. ఇంకోసారి కిందికి దిగి వాంతి చేసుకుంటుంటే మా అత్తగారు నోర్మా వచ్చి వీపు నిమిరింది. ఆవిడ ప్రేమ ఎప్పుడూ అలాగే మొదలవుతుంది. "చూడమ్మాయ్, ఏడుపు ముఖంతో దిగావంటే ఈ ఊళ్ళో ఒక్కడు కూడా ఎక్కడు. మేం నెలలు నిండాక కూడా నవ్వుతూ ఎక్కాం," అంది. ఆవిడ ఎక్కింది గొలుసుల ఊయల. కానీ అత్తగారితో అంత లెక్క ఎవరు మాట్లాడతారు? తర్వాతి ఊళ్ళో నవ్వాను. పళ్ళు బిగించి, పెదాలు రెండు వైపులా లాగి పట్టుకుంటే కింద నుంచి నవ్వులాగే కనిపిస్తుంది. జనం చప్పట్లు కొట్టారు. గాజు గదిలో ఎల్వియో కూడా చూశాడు. నాకింకా చాల్లేదనుకుని వేగం పెంచాడు. ఆపైన ప్రతి ఊళ్ళోనూ నేను నవ్వడం, అతను పెంచడం. ఇద్దరం ఎవరి పని వాళ్ళం చాలా చక్కగా చేశాం.

పోయిన ఊళ్ళో ఒక అమ్మాయి స్పృహ తప్పింది. చెయ్యి కిందికి దిగేసరికి తల ఒక పక్కకి వాలిపోయి ఉంది. వాళ్ళమ్మ అరుపు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. నీళ్ళు చల్లితే లేచింది, ఏమీ కాలేదు, కాసేపటికి ఐస్‌క్రీం కూడా తింది. కానీ గాజు గదిలోంచి పరిగెత్తుకొచ్చిన ఎల్వియో ఆ పిల్లను చూడలేదు, నన్ను చూశాడు. "నీ ముఖం చూసే కదే పెట్టాను! నవ్వుతూ కూర్చున్నావు!" అన్నాడు. అంత కచ్చితంగా నమ్ముతున్నాడని నాకు అప్పుడే తెలిసింది. ఇరవై ఏళ్ళుగా నా పక్కన పడుకుంటున్నాడు. నా నవ్వుకీ నా పళ్ళబిగువుకీ తేడా తెలియదు.

ఇవాళ మధ్యాహ్నం భోజనాల దగ్గర, నేను పాస్తా వడ్డిస్తుంటే, ఉప్పు అందించమన్నంత మామూలుగా అన్నాడు: "మొదటి సవారీ ఇవాళ జాదాది."

గరిటె నా చేతిలోనే ఆగిపోయింది. జాదాకి ఇంకా పద్నాలుగు నిండలేదు.

"నీ ముఖం పాతబడిపోయిందే," అన్నాడు నా వైపు చూసి. కోపంగా కాదు, టైర్లు అరిగాయన్నట్టు. "ఏం పెట్టినా ఒకేలా ఉంటున్నావు. నాకు తెలియట్లేదు. చిన్నపిల్లయితే నిజం ముఖంలోనే కనిపిస్తుంది."

"నేను పన్నెండేళ్ళకే ఎక్కాను," అంది అత్తగారు రొట్టె తుంపుకుంటూ. "పిల్ల అందంగా ఉంది, కుర్రాళ్ళు ఎగబడతారు."

"ఎగబడాలా అత్తయ్యా? ఎందుకూ?" అన్నాను.

జాదా నా చెయ్యి తట్టింది. "నాకేం భయం లేదమ్మా. నువ్వు ఎక్కట్లేదా ఏంటి?" అంది. నేను భయపడతానని ఈ పిల్లకి ఎప్పుడూ చెప్పలేదు. నేను పైన ఉన్నప్పుడు అది కింద నిలబడి చూసింది నవ్వునే. దానికి అన్నీ నేర్పాననుకున్నాను, సీట్లు కడగడం, కడ్డీ బిగించడం, తాగినవాళ్ళని మర్యాదగా దించేయడం. ఇది మాత్రం నేర్పకుండానే వచ్చేసింది.

ఆ ఊరి పునీతుడు సాన్ రోక్కో ఊరేగింపు బయల్దేరేముందు ఫాదర్ వచ్చాడు. బ్యాండు మేళం వాళ్ళు, పిల్లలు, బీరు గ్లాసులతో కుర్రాళ్ళు చుట్టూ మూగారు. నీళ్ళు చల్లడం అయింది. జాదా జుట్టు ముడేసుకుని సీట్లో కూర్చుంది. కడ్డీ నేనే దించాను. అది దాని చిన్న ఛాతీ మీద బిగుసుకుంది. "మెడ వెనక్కి ఆనించి ఉంచు, బంగారూ," అనగలిగాను, అంతే. తర్వాత ఎక్కడ నిలబడాలో తోచలేదు. ఇన్నేళ్ళలో మొదటి సవారీని కింద నుంచి చూడటం ఇదే మొదలు.

గద్ద చెయ్యి లేచింది. ఒక చుట్టు, రెండు చుట్లు. వరస తలకిందులైంది. జనం హోరెత్తారు. వరస నా ముందు నుంచి దూసుకుపోయినప్పుడు జాదా ముఖం కనిపించింది. మోకాళ్ళు ఒకదానికొకటి అదిమిపెట్టి ఉన్నాయి. వేళ్ళు కడ్డీ మీద తెల్లబడిపోయాయి. కళ్ళు ఎక్కడా నిలవడం లేదు. పెదాలు మాత్రం రెండు వైపులా సాగి ఉన్నాయి. నా కూతురు నవ్వుతోంది.

ఎప్పుడు పరిగెత్తానో తెలియదు, గాజు గది తలుపు తోసుకుని లోపల ఉన్నాను.

"చూడవే, నీకంటే నయం," అంటున్నాడు ఎల్వియో మురిసిపోతూ. "ఎలా నవ్వుతోందో చూడు." అతని చెయ్యి వేగం మీట మీదికి వెళ్ళింది.

అతని చేతి మీద నా చెయ్యి వేసి, మీటను కిందికి తిప్పాను. మొత్తం కిందికి. ఆ మీటల దుమ్ము రోజూ తుడిచేది నేనే, ఏది దేనికో నాకు తెలుసు.

"పిచ్చా నీకు? జనం చూస్తున్నారు!"

"చూడనీ."

ఇనుప చెయ్యి నెమ్మదిగా దిగింది. వెళ్ళి కడ్డీ ఎత్తాను. జాదా నిలబడబోయి నా మీద పడింది. నా చొక్కాలో ముఖం దాచుకుని, ఎవరికీ వినపడకుండా, "అమ్మా, ఉచ్చ పోసుకున్నాను," అంది. దాని నడుముకి నా స్వెటర్ కట్టి బండిలోకి పంపాను. నాకు ఏడుపు రాలేదు. భయం కూడా, అంత భయం ఎటుపోయిందో, కాసేపు కనబడలేదు.

గాజు గదిలోకి తిరిగి వెళ్ళి మైకు తీసుకున్నాను. ఎప్పుడూ ఎల్వియో అరిచే మైకు అది. "మొదటి సవారీ ఇంకా కాలేదు," అన్నాను. నా గొంతు మైదానమంతా వినిపించేసరికి నాకే ఎవరిదో అనిపించింది. "ఈ ఊళ్ళో మొదటి సవారీ ఎల్వియోది."

కుర్రాళ్ళు ఈలలేశారు. ఎవరో "ఎల్వియో! ఎల్వియో!" అని మొదలుపెట్టారు, బ్యాండులో డోలు వాడు అందుకున్నాడు. ఎల్వియో జనాన్ని చూశాడు, నన్ను చూశాడు. అంతమంది ముందు కాదనడం ఎంత కష్టమో నాకు తెలిసినట్టు ఈ లోకంలో ఎవరికీ తెలియదు.

"నడిపేవాడు ఎక్కకూడదే!" అని అత్తగారు ఊతకర్ర పైకెత్తింది.

"నడిపేది నేనత్తయ్యా," అన్నాను.

ఎల్వియో వచ్చి కూర్చున్నాడు. కడ్డీ దించి బిగించాను. అతని నుదుటి మీద అప్పుడే చెమట పట్టింది. "మిరెల్లా," అన్నాడు మెల్లగా. నన్ను పేరు పెట్టి పిలిచి చాలా కాలమైంది. మరుక్షణం జనం వైపు తిరిగి, పెదాలు సాగదీశాడు.

"నవ్వకు ఎల్వియో," అన్నాను. "నీ ముఖం చూసే వేగం పెట్టాలి."