బట్టతలాయన వైపు

కోరాపుట్ రైల్వే క్వార్టర్సులో వరాహనరసింహం ఇంట పొద్దుట దీపారాధన అయ్యేక కాఫీ, కాఫీ అయ్యేక జపాను రికార్డు, రికార్డు అయ్యేక తగువు. అది రోజూ ఉన్నదే.

రైలుమార్గం వేస్తున్నప్పుడు జపాను నుంచి వచ్చిన ఒక ఇంజనీరు తిరిగి వెళ్తూ ఆ రికార్డు ఇచ్చిపోయేడు. వాళ్ళ దేశంలో పిల్లలకి తీసిన ఏదో బొమ్మల సినిమా సంగీతం. ఆ సినిమా ఇంట్లో ఎవరూ చూడలేదు. అట్ట మీద చేపనెక్కిన గుండ్రటి కళ్ళ పిల్లాడి బొమ్మ. వాడు జపాను బాలకృష్ణుడని నాయనమ్మ, అంటే వరాహనరసింహం తల్లి సీతామహాలక్ష్మి, తీర్మానించి, శుక్రవారం శుక్రవారం వాడికి కుంకంబొట్టు పెట్టేది. అట్ట వెనక సంగీతం కట్టినవాళ్ళ ఫొటోలు రెండు. పేర్లు చదవడం ఎవరికీ రాదు కనక ఒకాయన కళ్ళజోడాయన, ఇంకొకాయన బట్టతలాయన అయ్యేరు.

మొదటి వైపు కళ్ళజోడాయనది. బాకాలు, డప్పులు. వరాహనరసింహానికి ఆయనంటే ప్రాణం. కూర్చున్నవాణ్ణి లేపి నిలబెట్టేదే సంగీతం అనేవాడు. రెండోవైపు బట్టతలాయనది. ఒక వేణువు, ఏవో తీగలు, నడుమ బోలెడంత ఖాళీ. అది కూతురు అమ్మణ్ణి సొత్తు.

"ఆ ఖాళీలో ఏటుందే? మీ బట్టతలాయన నిద్దరోయేడేమో," అనేవాడు తండ్రి.

"మీ కళ్ళజోడాయన ఊపిరి తీసుకోనిస్తే గదా నాన్నా, వినడానికి."

రెండోవైపు పెడితే కొండల మీంచి మబ్బులు దిగి ఇంట్లోకి వచ్చేవి. గుమ్మంలో కాస్త తటపటాయించి చాప మీద చేరేవి. మొదటి వైపుకి ఎప్పుడూ రాలేదు. అప్పడాలు మెత్తబడిపోతాయని నాయనమ్మ డబ్బా మూత బిగించేది, అంతే. పాట అయ్యేక నేల తుడుచుకునేవారు.

ఆ శ్రావణంలో అమ్మణ్ణికి రెండు సంబంధాలు వచ్చేయి. మొదటివాడు తండ్రి స్నేహితుడు సోమేశ్వరరావు మేనల్లుడు. రెండోవైపు సగం విని, "పిల్లి నీళ్ళు తాగుతున్నట్టుంది," అన్నాడు. ఆ ఒక్క మాటకే వరాహనరసింహానికి తెగ నచ్చేసేడు. రెండోవాడు ఆదిశేషు, రాయగడ కాగితం మిల్లులో పని. ఆదివారం తల్లితో చూపులకి వస్తానని కబురంపేడు.

"నాలుగున్నరకి రాహుకాలం. ఈలోగా వచ్చేరా సరి, లేదంటే సోమేశ్వరరావుకి మాటిచ్చెస్తాను," అన్నాడు తండ్రి.

"పిల్లి అన్నవాడికా?"

"పిల్లి అనే గదే అన్నాడు, పులి అన్లేదు గదా."

నాయనమ్మ కల్పించుకోలేదు. రాహుకాలంలో వచ్చినవాళ్ళని గడప దాటనివ్వడం ఆవిడకీ ఇష్టం లేదు. సింహాద్రి అప్పన్నకి మాత్రం ఓ దణ్ణం పెట్టుకుంది.

ఆదివారం మూడు దాటినా రాయగడ బస్సు జాడ లేదు. కకిరిగుమ్మ దగ్గర ఘాటీ కొండదారిలో మబ్బు కమ్మేసిందని, బస్సు కదల్లేక నిలిచిపోయిందని, ఎలాగో గట్టెక్కిన లారీ డ్రైవరొకడు చెప్పేడు.

అమ్మణ్ణి పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని గదిలోకెళ్ళింది. కిటికీలన్నీ బార్లా తీసి, రెండోవైపు పెట్టి, ఎంత గట్టిగా వినపడుతుందో అంత గట్టిగా పెట్టింది.

మబ్బులు వచ్చేయి. రోజూ వచ్చేవి ముందొచ్చేయి. వాటి వెనక ముఖమెరగనివి, దూరం నుంచి నడిచొచ్చిన చుట్టాల్లా రొప్పుతూ వచ్చేయి. వంటిల్లు నిండింది, సావిడి నిండింది. పాట అయిపోవస్తే అమ్మణ్ణి రికార్డు మీది ముల్లు ఎత్తి మళ్ళీ మొదట్లో పెట్టింది.

"అమ్మీ, నా అప్పడాలు," అంది నాయనమ్మ, ఆ తెలుపులో ఎక్కడినుంచో.

"మళ్ళీ వత్తుకుందాంలే నాయనమ్మా."

రాహుకాలం ఇంక వచ్చేస్తుందనగా గుమ్మం దగ్గర చెప్పులు విప్పిన చప్పుడైంది.

"ఉన్నట్టుండి దారంతా తేటపడిపోయిందండి," అంది కొత్త మగగొంతు. ఆదిశేషు, తల్లి సత్యభామ తడుముకుంటూ వచ్చి, వరాహనరసింహం ఒళ్ళో కూర్చోబోయి, ఆఖరికి చాప దొరకబుచ్చుకున్నారు. ఎవరికెవరూ కనపడలేదు.

"కళ్ళజోడాయన్ని పెట్టవే, పోతాయి," అన్నాడు తండ్రి.

"పెడతాను నాన్నా, ఇదవనీ."

ఆదిశేషు బస్సు సంగతి చెప్తున్నాడు. "మబ్బులో డ్రైవరు కండక్టర్ని దిగి ముందు నడవమని..."

అక్కడ వేణువు ఆగింది. అతని మాటా ఆగింది. బట్టతలాయన ఖాళీల్లో అదే పెద్దది. అందులో నాన్న ఎప్పుడూ దగ్గుతాడు, ఆవేళా దగ్గేడు. కానీ మబ్బులో అమ్మణ్ణికి చేరువనే ఎవరో ఊపిరి బిగబట్టి ఉన్నారు. చిన్న గంటొకటి మోగి, వేణువు మళ్ళీ ఎత్తుకున్నాక ఆ ఊపిరి మెల్లిగా వదిలేరు. అమ్మణ్ణి కూడా వదిలింది.

"నడవమని?" అందామె.

"ఏటో, మర్చిపోయేనండి."

సత్యభామ ఊరుకోలేదు. "బాగానే ఉంది సంబడం. పిల్ల కనపడందే ఏటి సెప్తాం? శేషూ, నీకేటైనా కనపడిందా?"

"ఆ పాట మళ్ళీ పెట్టమనమ్మా."

"ముందు పిల్ల సంగతి సెప్పరా."

"అదే సెప్తన్నాను."

మబ్బులో ఎవరో కిసుక్కున నవ్వేరు. వరాహనరసింహం గొంతు సవరించుకుని, "సోమేశ్వరరావుకి నేను వేరే కబురు పెట్టుకుంటాన్లే," అన్నాడు. నాయనమ్మ తడుముకుంటూ వచ్చి, దొరికిన చేతిలోనల్లా ఓ సున్నుండ పెట్టింది.

ఘాటీ తేటగా ఉంది కనక రాయగడ వెళ్ళే ఆఖరి బస్సు ఆ సాయంత్రం వేళకే వచ్చి, రోడ్డు మీద హారను కొట్టి, కొట్టి, వెళ్ళిపోయింది. ఆ ఇంట్లోంచి లేచినవాళ్ళు లేరు.